ఆరుబయట నాటకం, వేషంలో చలి

తిరునాళ్ళకో గుడి ప్రతిష్ఠకో ఊళ్ళో ఆడించే పౌరాణిక నాటకం రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారుజాము దాకా సాగుతుంది. ప్రకాశం ప్రాంతంలోని కురిచేడు, దర్శి, దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు వైపు పంటలు ఇంటికి చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలమే నాటకాల కాలం. సంక్రాంతి దగ్గర్నుంచి శివరాత్రి దాకా వాటికి మంచి గిరాకీ. కాబట్టి వేషం కట్టేది చలికాలంలో, ఆడేది ఆరుబయట. చూసేవాళ్ళు చాపలు పరుచుకుని, దుప్పట్లు ముసుగేసుకుని కూర్చుంటారు. వేషం కట్టినవాడికి ఆ వెసులుబాటు లేదు. కృష్ణుడు మఫ్లరు చుట్టుకుని రాయబారానికి బయల్దేరలేడు. నారదుడు మంకీ క్యాప్ పెట్టుకుని సభకు రాలేడు. చలి కాచుకునే ఏర్పాటంతా వేషం కిందా, తెర వెనకా జరగాలి.

అంకెల్లో చూస్తే ఇక్కడి చలి పెద్దదేం కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ నేలమీద డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేడి 20 డిగ్రీల లోపుకు దిగుతుంది, అంతే. ఉత్తరాదివాళ్ళు దీన్ని చలి అని ఒప్పుకోరు. కానీ ఒంటిమీద బట్ట లేకుండా, కదలకుండా ఉన్న మనిషికి చలీ ఉక్కా తెలియకుండా ఉండాలంటే చుట్టూ గాలి సుమారు 28 డిగ్రీలు ఉండాలి. దానికి పది డిగ్రీలు తక్కువైన చోట, ఉత్తరీయం ఒక్కటే కప్పుకున్న నారదుడు తన వంతు కోసం కూర్చోవాలి. పైగా నల్లమలకు తూర్పున ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో చలికాలపు ఆకాశం ఎక్కువగా మబ్బు లేకుండా ఉంటుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. కప్పు కింద లేని ప్రతి వస్తువూ గాలికన్నా ఎక్కువగా చల్లబడి, మంచుకు తడుస్తుంది. స్టేజీ మీద టార్పాలిన్ వానకోసం అనుకుంటారు గానీ చలికాలంలో దాని అసలు పని దీన్ని ఆపడమే. కోత అయిపోయిన చేలో స్టేజీ వేస్తే గాలికి అడ్డే ఉండదు. గాలి వచ్చే వైపు నేల దాకా దిగేలా ఒక పరదా కట్టకపోతే తెర వెనక నిలవడం కష్టం.

చలి ముదిరేది అర్ధరాత్రి కాదు, పొద్దు పొడవడానికి కాస్త ముందు. సంక్రాంతికి చంక లేవనివ్వని చలి అంటారు. చెయ్యెత్తకుండా పద్యం పాడేవాణ్ణి మాత్రం జనం మెచ్చరు.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు పాతకాలపు వంద వాట్ల బల్బంత వేడి పుట్టిస్తుంది. గద తిప్పుతూ, స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకు అంగలేస్తూ, గుక్క తిప్పుకోకుండా రాగం తీసే భీముడి ఒంట్లో దానికి రెండు మూడింతలు పుడుతుంది. లైట్ల వేడి కూడా కొంత తోడవుతుంది. అందుకే సీనులో ఉన్నంతసేపు ఎవరికీ చలి తెలియదు, చెమట పడుతుంది. చిక్కంతా ఆ చెమటతోనే. ఒక గ్రాము చెమట ఆరడానికి ఒంట్లోంచి లాక్కునే వేడి, అరలీటరుకు పైగా నీళ్ళను ఒక డిగ్రీ చల్లార్చేంత. సీను ముగించి తెర వెనక్కి వచ్చాక ఒళ్ళు వేడి పుట్టించడం తగ్గిస్తుంది. తడిసిన బనీను మాత్రం వేడిని లాగుతూనే ఉంటుంది. బట్ట వెచ్చగా ఉండేది దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలివల్ల. ఆ సందుల్లో గాలికి బదులు నీరు చేరితే, గాలికన్నా పాతిక రెట్లు తేలిగ్గా వేడిని బయటికి మోసుకుపోతుంది. చలి పట్టుకునేది సీనులో కాదు, సీనుకీ సీనుకీ మధ్య.

ఆ మధ్యకాలం పౌరాణిక నాటకంలో చాలా పెద్దది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడేటప్పుడు కృష్ణుడి వేషాన్ని ఒక్కరే మొదటి నుంచి చివరిదాకా వెయ్యడం అరుదు. పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు. హరిశ్చంద్ర నాటకంలోనూ అంతే, ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు ఉంటారు. మేకప్‌మన్ ఒక్కడే, ముఖాలు పది పన్నెండు. అందుచేత అర్ధరాత్రి దాటాక స్టేజీ ఎక్కాల్సిన కృష్ణుడు తొమ్మిదింటికే రంగు వేయించుకుని కూర్చుంటాడు. ముందు సీనులో ఒక్కో పద్యానికీ ‘వన్స్ మోర్’ పడుతుంటే అతని వంతు ఇంకా వెనక్కి జరుగుతుంది. ప్రేక్షకుల మెప్పు అలా వెనకున్నవాళ్ళకు చలిగా మారుతుంది.

దీనికి విరుగుడు తేలికైనదే, అయినా చాలా నాటక సమాజాల్లో పట్టించుకోరు. రంగు ముందే వేయించుకోవచ్చు గానీ కోటు, కిరీటం, నగలు సీనుకు పావుగంట ముందు మాత్రమే తొడుక్కోవాలి. అప్పటిదాకా పొడి బట్టల్లో ఉండాలి. ఆ పొడి బట్టల్లో స్వెట్టరు ఉంటే అది ముందు బొత్తాలున్నది కావాలి. తల మీదుగా లాగే స్వెట్టరు తీసేటప్పుడు కనుబొమలు, మీసం, నామం అన్నీ దానికే అంటుకుపోతాయి, మేకప్‌మన్ తిట్లు అదనం. సీను అయ్యాక వెంటనే లోపలి బనీను మార్చాలి. ఒక్కో నటుడూ రెండు మూడు బనీన్లు తెచ్చుకోవడం, ఒళ్ళు తుడుచుకోవడానికి పొడి తువ్వాలు దగ్గర పెట్టుకోవడం, ఈ రెండు పనులతోనే సగం చలి తీరుతుంది.

ఇక వేషం కింద ఏం వేసుకోవాలన్నది. నూలు బనీను చెమటను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, త్వరగా ఆరదు. బాగా చెమట పట్టే వేషాలకు ఒంటికి అతుక్కుని ఉండే పలచని ఉన్ని బనీనో, బజారులో థర్మల్ అని అమ్మే రకమో మెరుగు. అది కోటు మెడలోంచి, చేతుల్లోంచి కనపడకూడదు కనుక మెడ లోతుగా ఉన్నది చూసుకోవాలి. దుర్యోధనుడి వెల్వెట్ కోటు చలికి మంచిదే. దాని నూగులో గాలి నిలుస్తుంది, లోపల లైనింగు గుడ్డ ఉంటుంది. శాటిన్, నైలాన్ మెరుపుకు పనికొస్తాయి గానీ వెచ్చదనానికి కాదు. పంచెకట్టు కింద బిగుతు పైజామా ఉంటే బయటికి తెలియదు. భీముడికీ ఘటోత్కచుడికీ ఒళ్ళు పెద్దదిగా కనపడాలని ఛాతీకీ భుజాలకూ దూది కుట్టిన మెత్తలు కడతారు. వాళ్ళంత సుఖంగా ఆ రాత్రి ఇంకెవరూ ఉండరు. ఒకదాని మీద ఒకటి ఎన్ని వేసుకున్నా పక్కటెముకలు విచ్చుకునే జాగా ఉండాలి. బిగించి కడితే బట్టల మధ్య గాలి నలిగి వెచ్చదనం పోతుంది, రక్తం సరిగ్గా పారదు, అన్నిటికీ మించి పద్యం చివర రాగానికి ఊపిరి చాలదు.

కిరీటం గురించి ఒక మాట. ఒంటి వేడిలో సగం తలనుంచే పోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. తల ఒంటి చర్మం విస్తీర్ణంలో పదోవంతు కూడా ఉండదు, పోయే వేడి కూడా సుమారు అంతే. అయితే కిరీటం కింద తలకు గుడ్డ చుట్టడం పాత అలవాటే, అది చెమట పీల్చుకుంటుంది, కిరీటం జారకుండా ఆపుతుంది, ఆ మేరకు చలీ ఆపుతుంది. అసలు మరిచిపోయేది పాదాలను. తెర వెనక పచ్చి నేలమీద వట్టికాళ్ళతో గంటలు నిలబడితే వేడి నేలలోకి దిగిపోతుంది. మేజోళ్ళు, చెప్పులు వేసుకుని ఉండి, స్టేజీ మెట్ల దగ్గర విప్పితే చాలు.

హరిశ్చంద్ర నాటకం దగ్గరకు వచ్చేసరికి ఈ ఏర్పాట్లన్నీ చేతులెత్తేస్తాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఈ నాటకంలో కాటిసీను చివర్న వస్తుంది, అంటే సరిగ్గా చలి ముదిరే వేళకు. రాత్రి మొత్తంమీద అతి పలచని వేషం కూడా అందులోని కాటికాపరి హరిశ్చంద్రుడిదే: మొలకు పొట్టి పంచె, చేతిలో కర్ర, భుజాన గొంగళి. పద్యాలు చూస్తే పొడవైనవి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు కూడా కాటిసీనులో కలిసిపోయాయి. కురిచేడు నుంచి గుంటూరు వైపు రైలెక్కితే వచ్చే పట్టణమే వినుకొండ కాబట్టి ఈ వైపు జనానికి అవి ఇంటి సొత్తు కింద లెక్క, ఒక్క పద్యం తగ్గించినా ఊరుకోరు. వాటిని పాడే నటుడు పెద్దగా కదలడు. కర్ర ఆనించుకుని నిలబడి, కాటివైపు చూస్తూ సాగదీసి పాడతాడు. భీముడిలా కదిలి వేడి పుట్టించుకునే అవకాశం అతనికి లేదు.

అతన్ని కాపాడేది ఆ గొంగళే. వేషానికి భంగం లేకుండా అందరి ముందూ కప్పుకోగలిగిన వెచ్చటి బట్ట ఆ నాటకంలో అదొక్కటి. దాన్ని అలంకారంగా భుజాన వేలాడేసుకునేవాళ్ళకంటే, వీపు నిండా కప్పుకుని అంచులు ముందుకు లాక్కునేవాళ్ళు తెలివైనవాళ్ళు. తెల్లవారుజామున నిజం కాటికాపరి చేసే పనీ అదే కదా. అయితే గొంగళి నిజమైనది కావాలి. నల్లగా ఉందని ఏదో నైలాన్ రగ్గు కప్పుకుంటే దూరం నుంచి తేడా తెలియదు, ఒంటికి తెలుస్తుంది. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. పైగా తేమ పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా విడుదల చేస్తుంది. మంచు కురిసే రాత్రికి అంతకు మించిన బట్ట లేదు. ప్రకాశం, నెల్లూరు వైపు మందలు మందలుగా కనపడే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని దాదాపు ఉండదు, దాని ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుక. గొంగళికి కావలసిన ముతక ఉన్ని దక్కనీ గొర్రెది, కాబట్టి దాన్ని నేసేదీ రాయలసీమ, తెలంగాణ వైపే. గుంట మగ్గం మీద నేశాక చింతగింజల అంబలి పట్టించి ఆరబెడతారు. కొత్త గొంగళి అట్టలా బిర్రుగా ఉండేది ఆ అంబలివల్లే. వట్టి ఒంటిమీద అది గుచ్చుకుంటుంది. లోపలివైపు పాత నూలు పంచె ఒకటి కుట్టుకుంటే దురద ఉండదు, పాడేటప్పుడు ధ్యాస వీపు మీదికి పోదు.

వేషంలో భాగమైన బట్టనే చలికి వాడుకోవడం మనవాళ్ళ ఒక్కరి యుక్తి కాదు. అమెరికా, యూరప్‌లలో లార్ప్ అని ఒక వినోదం ఉంది. అందులో ప్రేక్షకులు ఉండరు. ఆడేవాళ్ళే రాజులూ యోధులూ మాంత్రికులూ అయి, అడవుల్లో, మైదానాల్లో ఒక్కోసారి రోజుల తరబడి ఆ వేషాల్లోనే ఉండి కథ నడుపుకుంటారు. 1977లో వాషింగ్టన్ పరిసరాల్లో పుట్టిన డాగర్‌హిర్ దీని తొలి సంఘాల్లో ఒకటి. ఆ దేశాల్లో చలికాలపు రాత్రులు మన జనవరి కంటే చాలా చల్లగా ఉంటాయి. వాళ్ళు మధ్యయుగపు సైనికులు కవచం కింద తొడిగిన దూది చొక్కా లాంటిది వేసుకుంటారు, పైన ఉన్ని దుప్పటి లాంటి పొడుగు పైవస్త్రం కప్పుకుంటారు. ఒకటి మన ఘటోత్కచుడి మెత్త, రెండోది కాటికాపరి గొంగళి, తేడా కుట్టుపనిలోనే.

కాటిసీనులో హరిశ్చంద్రుడికంటే కష్టమైన స్థితి లోహితాస్యుడిది. పాముకాటుకు చనిపోయిన పిల్లవాడు కాబట్టి ఆ వేషం వేసిన కుర్రాడు స్టేజీ చెక్కల మీద కదలకుండా పడుకోవాలి. పక్కన తల్లి చంద్రమతి ఏడుస్తూ పద్యం వెనక పద్యం పాడుతుంది. చిన్న ఒంటికి బరువు తక్కువ, చర్మం విస్తీర్ణం దాంతో పోలిస్తే ఎక్కువ, అందుచేత పిల్లల వేడి పెద్దవాళ్ళకంటే త్వరగా పోతుంది. కింద చెక్క సందుల్లోంచి గాలి, పైన పలచని పంచె. వణుకు వచ్చినా వణకకూడదు, శవం వణికితే కన్నీళ్ళు తుడుచుకుంటున్న జనం ఒక్కసారిగా నవ్వేస్తారు. పిల్లవాడు పడుకునే చోట ముందే గోనెపట్టా, దానిమీద మడతపెట్టిన దుప్పటి పరిచి, పైన స్టేజీ గుడ్డ రంగుదే ఒక బట్ట కప్పితే ఎవరికీ తెలియదు. పంచె కింద ఒంటిరంగు ఉన్ని లాగూ, బనీను వెయ్యవచ్చు. చంద్రమతి కొడుకును ఒళ్ళోకి తీసుకుని చీర కొంగు కప్పడం సీనులో ఇమిడిపోయే పనే. అనుభవమున్న నటీమణులు దాన్ని తొందరగా చేస్తారు. వన్స్ మోర్‌ల విషయంలో కూడా, పిల్లవాడు పడుకుని ఉన్నప్పుడు హార్మోనిస్టు కాస్త గట్టిగా ఉండటం న్యాయం.

చలికి మేకప్ సామాను కూడా మొరాయిస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. జనవరి రాత్రి సీసా తలకిందులు చేసినా చుక్క రాదు. రంగు కలపడానికీ, చివర్న తుడవడానికీ అదే ఆధారం కనుక సీసాను బల్బు పక్కనో, వేడి నీళ్ళ గిన్నెలోనో ఉంచాలి. పాన్‌కేక్ రకం రంగును తడి స్పాంజితో పూస్తారు. ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటే ముఖం బిగుసుకోదు. పూర్వం పచ్చని ఛాయకు వాడిన అర్దళం ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. దాన్ని ఏ కాలంలోనైనా ముఖానికి దూరంగా ఉంచడమే మేలు.

చలిమంట దగ్గర ప్రమాదం కనపడనంత దగ్గరగా ఉంటుంది. గడ్డాలూ మీసాలూ అతికించే బంకలో స్పిరిట్ ఉంటుంది, అది పూర్తిగా ఆరకముందు నిప్పు దగ్గరకు వెళ్ళకూడదు. నైలాన్, పాలియెస్టర్ అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తాయి. మునుల జడలకూ గడ్డాలకూ వాడే జనపనార ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. ఉన్ని మాత్రం తేలిగ్గా అంటుకోదు. వేషంలో ఉన్నవాళ్ళు మంట చుట్టూ చేరక తప్పకపోతే గొంగళో కంబళో కప్పుకుని, గాలి వచ్చే వైపున నిలబడాలి, జడలు, గడ్డం తీసి పక్కన పెట్టాలి. మంటను స్టేజీకీ డ్రస్సుల పెట్టెలకూ దూరంగా వేసి, పక్కన రెండు బిందెల నీళ్ళు పెట్టుకోవాలి. కట్టెల పొగ గొంతుకు చేసే చెరుపు కూడా తక్కువది కాదు. ఆ మాటకొస్తే, తెర వెనక పరదా కట్టిన మూల పదిమంది దగ్గరగా కూర్చుంటే మంట అవసరం చాలావరకు తగ్గుతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు, దాని విషవాయువుకు వాసన ఉండదు.

పద్యం పాడేవాడికి ఒంటికంటే ముందు చలి తగిలేది గొంతుకు. చల్లని పొడిగాలి నోటితో పీలిస్తే గొంతు ఆరుతుంది, పై స్థాయి అందదు. వంతు వచ్చేదాకా ముక్కుతో ఊపిరి తీస్తూ, మెడకు గుడ్డ చుట్టుకుని, గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా తాగడం పాతవాళ్ళ పద్ధతి. మిరియాల పాలు, శొంఠి కాఫీ, అల్లం టీ వెచ్చదనం ఇస్తాయి. రాత్రి భోజనం ఎనిమిదింటికే తేలిగ్గా ముగించి, ఒంటిగంటకు ఉడికించిన శనగలో వేరుశనగలో తింటే ఒంట్లో వేడి పుట్టడానికి సరుకు ఉంటుంది. నేరుగా పెద్ద పద్యం ఎత్తుకోకుండా తెర వెనక మంద్రంలో కాసేపు సాధకం చేసుకోవడం, చేతులూ కాళ్ళూ ఆడించడం కూడా అవసరం. ఒక గుక్క వేస్తే చలి పోతుందన్నది సమాజాల్లో గట్టి నమ్మకం. సారాయి చర్మం కింది రక్తనాళాలను విప్పుతుంది, అందుకే వెచ్చగా అనిపిస్తుంది, ఆ దారినే లోపలి వేడి బయటికి పోతుంది. చలి పోయిందో లేదో గానీ పద్యం మధ్యలో పాదం పోవడం చూసినవాళ్ళు చాలామంది.

వాయిద్యాల సంగతీ అంతే. మంచుకు తబలా, మృదంగం తోలు సాగి శ్రుతి దిగుతుంది. వాడనప్పుడు వాటిమీద మందపాటి గుడ్డ కప్పాలి. డప్పును మంట సెగ చూపించి బిగించినట్టు వీటిని చెయ్యకూడదు, మధ్యలో నల్లగా ఉండే కరణి చిట్లుతుంది.

నాటకాల్లో ఇప్పుడు వేషాలు వేస్తున్నవాళ్ళలో అరవై దాటినవాళ్ళు తక్కువేం కాదు. చలికి చర్మపు రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు మందులు వెంట ఉంచుకోవాలి, తెల్లవారుజాము సీన్లు వీలైతే వదులుకోవాలి. ఆరోగ్యవంతుడి ఒంటి లోపలి వేడి 37 డిగ్రీలు, అది 35 కంటే దిగితే ప్రమాదం. ఈ ప్రాంతంలో అంతదాకా రావడం అరుదే అయినా, తడిసిన వేషంతో, మద్యం తాగి, గాలిలో పడుకున్న మనిషికి రావచ్చు. ఆగని వణుకు, నగల ముడి విప్పలేనంతగా వేళ్ళు తడబడటం, మాట ముద్దగా రావడం, అడిగినదానికి పొంతన లేని జవాబు, ఇవి గుర్తులు. వణుకు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మగతగా ఉంటే అది ఇంకా చెడ్డ గుర్తు. తడి బట్టలు తీసేసి, పొడి దుప్పట్లు చుట్టి, కింద చాప వేసి, గాలి తగలని చోటికి మార్చాలి. తెలివిలో ఉంటే తీపి కలిపిన వెచ్చటి పానీయం పట్టాలి. చేతులు కాళ్ళు రుద్దడం, మంట దగ్గర కూర్చోబెట్టడం పనికిరావు. మగత ఉంటే 108కి ఫోన్ చెయ్యాలి.

మంగళం పాడి తెర దించాక అందరికీ తొందర ఇంటికి వెళ్ళడానికే. చలి పట్టుకునే చివరి అవకాశం కూడా అప్పుడే. ముందు తడి బట్టలు మార్చుకుని, ఆ తర్వాతే రంగు తుడవాలి. కొబ్బరినూనెతో తుడిచి వేడి నీళ్ళతో కడగాలి. కోటూ గొంగళీ చెమటతో, మంచుతో ఉన్నవి ఉన్నట్టే ట్రంకుపెట్టెలో పెడితే బూజు పడతాయి, మరుసటి రాత్రి ఇంకో ఊళ్ళో అదే తడి మళ్ళీ ఒంటిమీదికి వస్తుంది. వాటిని ఎండ వచ్చేదాకా తాడుమీద ఆరేసి, వెల్వెట్‌ను తిరగేసి లోపలివైపు ఎండ తగలనిచ్చి, మధ్యాహ్నానికి మడతపెట్టాలి. గొంగళిని ఉతకనక్కర్లేదు, దులిపి, ఎండబెట్టి, మడతల్లో వేపాకు వేస్తే పురుగు పట్టదు.